మిల్లు బెల్టులోంచి కోసిన బుష్షులు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు మాట ఇది. ఒక పొద్దున ప్రొద్దుటూరులో అలీ అహ్మద్ టీ అంగడి ముందు బాడుగ కారు దస్తగిరి కోతలు మొదలుపెట్టాడు. కోతలు వాడికి కొత్త కాదు గానీ ఆ పొద్దున వాటితో పని పడింది. వాడి భార్య ఖమర్‌బీకి ఏడో నెల. తొలికాన్పుకు పుట్టింటికి తీసుకుపోవడానికి వాళ్ల నాయన నూరుల్లా పులివెందుల నుంచి ఎడ్లబండి కట్టుకుని, మోకాలెత్తున గడ్డి పరుచుకుని వచ్చాడు. నా కారులోనే దింపుతానని అల్లుడు పట్టుబట్టాడు. కారు కుదుపుకు తన బిడ్డకు ఏమన్నా అయితే ఎవరు దిక్కని మామ ఒప్పుకోలేదు. ఆయన టీ గ్లాసు పట్టుకుని బల్ల మీద కూర్చుంటే, వీడు ఎదురుగా నిలబడ్డాడు.

"కుదుపు యాడ్నించి వస్తాదో తెలుసునా మామా? రోడ్డు నుంచి కాదు. చక్రాల మీద కమాను పట్టీలు ఉంటాయి గదా, వాటి కొసల్లో రబ్బరు బుష్షులు ఉంటాయి, బొటనవేలంత. అవి అరిగిపోతే ఇనుముకు ఇనుము తగిలి కారంతా గడగడమంటాది, స్టీరింగ్ ఒక పక్కకు తిప్పితే కారు ఇంకో పక్కకు పోతాది. కొత్తవి కావాలని మద్రాసుకు జాబు రాస్తే ఈ పాత కారుకు ఇప్పుడు రావటం లేదన్నారు. వదులుతానా? పత్తి మిల్లుకు పోయినా. ఆడ యంత్రాలను తిప్పే బెల్టు ఉంటాదే, గుడ్డా రబ్బరూ కలిపి చేసింది, వాళ్లు పారేసింది ఒక మూర అడుక్కొని తెచ్చినా. అది మిల్లంతా తిప్పిన బెల్టు మామా, నా కారొక లెక్కా? బిళ్లలు బిళ్లలుగా కోసి, నడుమ బెజ్జం పెట్టి, సబ్బు నీళ్లు పూసి దూర్చినా. మొదటి తూరి వదులైనాయి. రెండో తూరి చీలిపోయినాయి. మూడో తూరి సగంలో ఇరుక్కొని రాకపాయె, పోకపాయె. రెండు దినాలు కారు కిందనే పండుకొని ఉంటే, ఖమర్‌బీ సంగటి తెచ్చి నా కాళ్లకాడ పెట్టి పోయేది. నాలుగో తూరి కూర్చున్యాయి చూడు."

"ఇంతవరకూ నిజమే, నేను చూసినా," అన్నాడు అలీ అహ్మద్.

"ఇంతవరకూ ఏంది, అంతా నిజమే. మొదట జమ్మలమడుగుకు పోయినా. అంచు దాకా పోసిన టీ గ్లాసు ముందర పెట్టుకొని పోయినా. చుక్క తొణకలా."

"దోవలో తాగేసింటావు," అన్నాడు తాలూకా ఆఫీసు గుమాస్తా సీతాపతి.

"జమ్మలమడుగులో దిగినాక తాగినా సార్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆడ ఒక నగల ఆచారి ఎక్కినాడు. ముద్దనూరులో పెండ్లివాళ్లకు నగలు ఇయ్యాల, ఇంకా తూకం కాలేదు. కారు పరిగెత్తుతాంటే ఒడిలో తక్కెడ పెట్టుకొని గురిగింజలతో తూచినాడు. పెన్న ఇసకలో దిగి గట్టెక్కినాం, ముల్లు ఈ పక్కకూ ఆ పక్కకూ పోలా. ఇంక ముద్దనూరు దాటితే కొండ మలుపు, మలుపులో గొర్రెల మంద. నేను స్టీరింగ్ ఇట్ల తిప్పినా. బుష్షులు ఎంత బిగువుగా ఉండాయంటే, కారు తిరిగిన తిరుగుడుకు నా కారు వెనక నంబరు పలక నాకే కనపడింది. ఎవడో దోవకు అడ్డం పోతాండాడే అని హారను గూడా కొట్టినా."

"దోవ ఇచ్చినాడా?"

"ఎట్ల ఇస్తాడు సార్, అది నేనే గదా."

అంగడి దగ్గరున్న మేమంతా నవ్వాం. నూరుల్లా నవ్వలేదు. ఆయన టీ ఊదుకుంటూ వీధిలో తన ఎద్దుల వైపు చూస్తున్నాడు. అది దస్తగిరి గమనించాడు. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. గొంతు ఇంకో మెట్టు పెంచాడు.

"ఇదంతా ఎందుకు మామా, మొన్న ఈడనే ఒక అవ్వ గంప పెట్టుకొని ఎక్కింది, పులివెందులకు. గంపలో కోడి, కోడి కింద పన్నెండు గుడ్లు. ఆ పొద్దున్నే పొదగేసిందంట. కోడి ఎంత బెదురుగొడ్డు! ఇంత కదిలినా లేచిపోతాది. అది కండ్లు మూసుకొని కూర్చున్యాది, కారు పోతాండాదని గూడా దానికి తెలీలా. పులివెందులలో దించి గంప తీస్తే పన్నెండు పిల్లలు, కిచకిచమంటా. ఒక్క గుడ్డు మురగలా. కోడిపిల్లకే ఏమీ కాలేదు, మీ బిడ్డకు ఏమైతాది?"

నూరుల్లా గ్లాసు కింద పెట్టాడు.

"కోడి ఎన్ని దినాలకు పిల్లలు చేస్తాది అల్లుడా?"

"ఇరవై ఒక్క దినం మామా, అది అందరికీ తెలిసిందే."

"అంటే ఈడ్నించి పులివెందులకు నీ కారు ఇరవై ఒక్క దినం పోయింది. నా ఎద్దులు రెండు దినాల్లో పోతాయి. బిడ్డకు ఏడో నెల నాయనా. నీ కారెక్కితే దోవలోనే ఎనిమిదో నెల పడతాది."

అలీ అహ్మద్ నవ్వి నవ్వి పాలగిన్నె పొంగబెట్టుకున్నాడు. దస్తగిరి పోనీలే అని వెళ్లిపోతాడనుకున్నాం. వెళ్లలేదు. వచ్చి మామ పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"కుదుపు ఉండాది మామా," అన్నాడు మెల్లగా. "తగ్గింది గానీ పోలేదు. ముందు పది తూర్లు ఎగిరే కాడ ఇప్పుడు నాలుగు తూర్లు ఎగురుతాది. తిప్పిన పక్కకే తిరుగుతాది, అదొకటి మటుకు నిజం. నేను ఆ బెల్టు కోసింది బాడుగ కోసం కాదు, ఖమర్‌బీ కోసమే. అదేమో బండిలో పోతాంటే నేను ఈ అంగట్లో కూర్చోని టీ తాగలేను మామా. నాకు భయంగా ఉండాది."

నూరుల్లా వాడి చేతుల వైపు చూశాడు. బెల్టు కోసిన కత్తి గాట్లు ఇంకా మానలేదు.

"నాలుగంటే నమ్ముతా," అన్నాడు. "బిడ్డ నీ కార్లోనే వస్తాది."

దస్తగిరి దిగ్గున లేచాడు.

"కూర్చో. బండిలో గడ్డి అంతా తీసి కార్లో పరుచు. ఇంకోటి. నా ఎద్దులు ముందర పోతాయి. పులివెందుల చేరే దాకా నీ కారు వాటిని దాటకూడదు."