కార్జానికి చావు సర్టిఫికెట్

ఆ కత్తి కాస్త పక్కన పెట్టన్నా! అరగంట నుంచి నిలబడి బతిమాలుతుంటే నీకు నవ్వులాటగా ఉంది. మేక కార్జానికి చావు సర్టిఫికెట్ ఏమిటంటావా? నాకు మాత్రం సరదానా?

పోయిన బుధవారం నీ కొట్లోనే కదా అరకిలో కొన్నాను? అప్పటికి అది చచ్చిందే కదా? ఆఁ, ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టు.

నా పని తెలుసుగా. డాక్టర్లు కణితిని వేడితో కాలుస్తుంటే, పక్కనున్న మంచి కండ ఎంత కాగుతుందో కంప్యూటర్ ముందే చెప్పాలి. అందుకే ఓ న్యూరల్ నెట్‌వర్క్‌కి, అదే, కంప్యూటర్‌లోని మెదడులాంటి దానికి చదువు చెప్తున్నాను. ఊరికే అంకెలు బట్టీ పట్టించడం కాదు, ఒంట్లో వేడి ఎలా నడుస్తుందో ఆ సూత్రం కూడా నెత్తిన కూర్చోబెట్టి నేర్పాను. గీత దాటదు. అంత బుద్ధిమంతురాలు!

ఆ బుద్ధిమంతురాలు ఏమందో తెలుసా? నీ కార్జంలో రక్తం పారుతోందట! దాన్ని పరీక్షించడానికే ముక్కలు కోసి, వేడి సూది గుచ్చి, వేడి ఎలా పాకుతుందో పదకొండు సార్లు కొలిచాను. పదకొండు సార్లూ అదే మాట.

నవ్వకన్నా! మా సారు నవ్వలేదు. కొట్లో కొన్నది సార్ అంటే వినడే! సూత్రం అబద్ధం చెప్పదట, నేను చెప్తానట. బతికున్న జంతువు మీద అనుమతి లేకుండా ప్రయోగం చేశానని, ఆ అనుమతులిచ్చే కమిటీకి రాసేశాడు. వాళ్ళు మరీనూ, మేక పేరేమిటి, మత్తుమందు ఎంత ఇచ్చావు అని ఫారం పంపారు. రేపు పదింటికి రమ్మన్నారు. నాలుగేళ్ల చదువన్నా! తీసేస్తే ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్ళను?

ఏంటీ, కంప్యూటర్‌దే తప్పేమో అంటావా?

అదేనన్నా నా ఏడుపు. దాని తప్పేం లేదు.

కొంచెం ఇటు రా. ఆ సంచీ ఆవిడ వింటోంది.

వేడి సూది దింపగానే కార్జం చుర్రుమంటుంది. చుర్రుమనగానే నేను ఊదుతాను. అవును, నోటితోనే. ఉఫ్ ఉఫ్ అని. చిన్నప్పుడు నా చెయ్యి కాలితే అమ్మ అలాగే ఊదేది. చచ్చిందని తెలుసు, అయినా నోరు ఆగదు. పాపం అనిపిస్తుందన్నా.

వేడి పోవడానికి నేను దానికి నేర్పిన దారులు రెండే. పక్క కండలోకి పాకాలి, లేదా రక్తం మోసుకుపోవాలి. సూత్రంలో నా నోరు ఎక్కడుంది? నేను ఊది చల్లార్చిన వేడిని కూడా అది రక్తం లెక్కలోనే రాసేసింది.

ఇది కమిటీకి చెప్పమంటావా? చచ్చిన కార్జానికి మంట పుడుతుందని ఊదానని? దానికంటే జంతువును హింసించానంటేనే కాస్త మర్యాదగా ఉంటుంది.

రాయి. "చచ్చిందే అమ్మాను" అని రాయి. ఇంకో అరకిలో కూడా కొయ్యి, మళ్ళీ కొలవాలి. ఈసారి నోటికి గుడ్డ కట్టుకుంటాలే.

ఏం లాభం? అప్పుడు చేత్తో గాలి విసురుతాను.