గట్టు మీద తోటకూర

"తాతయ్యా, కుందేళ్ళు తెచ్చుకున్నా. క్యాబేజీ పెట్టొచ్చా?"

క్యాబేజీయా? కొంచెం పెట్టమ్మా, ఎక్కువైతే పొట్ట ఉబ్బుద్ది. గరికే వాటికి అన్నం, కూరాకులు నంజుకోటానికి అనుకో. ఆ, ఇంకోటి, ఆకు ఎక్కడ కోశావో చూసుకో. ఎందుకంటున్నానంటే... కూర్చో, చెప్తా.

మా మనవరాలు హాసిని లేదూ, ఇప్పుడు గుంటూరులో నర్సింగు చదివేది, దానికప్పుడు ఎనిమిదేళ్ళు. కాదు, తొమ్మిది, నాలుగో క్లాసు. వినుకొండలో జత కుందేళ్ళు కొనిచ్చా. మూడొందలు. "రెండ్రోజుల కూలి డబ్బులు తీసుకుపోయి ఆ చెవులకి పోశావా" అని మీ మామ్మ ఒకటే సణుగుడు. పిల్ల బడి నుంచి రాగానే సంచీ పడేసి వాటి దగ్గరే. క్యారెట్ ఆకు, కొత్తిమీర కాడలు చేత్తో అందిస్తే పటపటా నమిలేవి.

ఆ ఏడు మిరపకి ముడత బాగా పట్టింది. ఒకటే మందు కొట్టుడు. ఒకరోజు చేలోంచి వస్తా ఉంటే గట్టు మీద తోటకూర లేతగా కనపడింది, ఇంత కోసుకొచ్చా. ముందురోజే కదా అక్కడ మందు కొట్టింది, నా చేత్తోనే! గుర్తు రాలా. గుర్తు రాలా అంటే... వచ్చిందమ్మా. నీళ్ళలో ముంచితే పోద్దిలే అనుకున్నా.

తెల్లారేసరికి ఒకటి కాళ్ళు చాపేసింది. రెండోది మూలన వణుకుతా కూర్చుంది. "ఏమైంది తాతయ్యా?" అని పిల్ల ఏడుపు. "ఎండదెబ్బ తల్లీ" అన్నా. చలికాలంలో ఎండదెబ్బేంటి, నువ్వే చెప్పు!

బతికున్నదాన్ని తట్టలో పెట్టుకుని, పిల్లా నేనూ పశువుల డాక్టరు గారి దగ్గరికి పోయాం. మిగిలిన ఆకు కూడా పట్టుకొచ్చింది పిల్ల. ఆయన వాసన చూసి, "ఇదెక్కడ కోశారండీ?" అన్నాడు. పిల్ల నా మొహంలోకి చూసింది. ఇంక దాచలేకపోయా. "మందు కొట్టిన చోట కోశానండి. పిల్లకి అబద్ధం చెప్పా" అన్నా. అది ఏడవలా. ఏడ్చినా బాగుండేది.

ఏదో సూదేశాడు, రెండోది బతికింది. నేనొచ్చి బోరింగు పక్కన నాలుగు మడులు కట్టా. తోటకూర, ముల్లంగి, కొత్తిమీర. మందు చుక్క తగలనీలా. మొదటి కోత పట్టుకుపోతే పిల్ల పంజరానికి అడ్డం నిలబడింది.

"ముందు నువ్వు తిను."

పచ్చి తోటకూరమ్మా! తిన్నా. మర్నాడూ అంతే. మీ మామ్మ నవ్వాపుకోలేక లోపలికి పోయేది. నాకు నవ్వొచ్చేది కాదు. ముల్లంగి ఆకు నూగు గొంతులో గుచ్చుకుంటున్నా నెలపైనే తిన్నా. ఇంకా నమ్మవా తల్లీ అని ఒక్కరోజు అడగలా. ఏ మొహం పెట్టుకుని అడగను?

ఒకరోజు అలవాటుగా ఆకు నోట్లో పెట్టుకోబోతుంటే చెయ్యి పట్టుకుంది. "చాల్లే తాతయ్యా, దానికి పెట్టు" అంది. ఆ కుందేలు నా చేతిలోంచి ఆకు లాక్కుంటుంటే, నాకు... ఏదోలే.

నువ్వు రోజూ వచ్చి మా దొడ్లో కోసుకుపో, అడగక్కర్లా. చల్లగా ఉండు తల్లీ, నువ్వూ, నీ కుందేళ్ళూ. ఆ తడిక దగ్గరగా వేసెళ్ళు, కోళ్ళు దూరతాయి...