ఎనిమిది వారాల నూట ఇరవై

ఫిజియాలజీ ల్యాబులో వైవా. బల్లకు ఇవతల మేడమ్, అవతల రెండోసారి పరీక్షకొచ్చిన విద్యార్థి, మధ్యలో అతని రికార్డు పుస్తకం. తలుపు దగ్గర స్టూలు మీద అటెండరు.

"ఏం బాబూ, ఎనిమిది వారాలు ఒకే మనిషికి బీపీ చూశావు. ఎనిమిదిసార్లూ నూట ఇరవై బై ఎనభై. ఈయన మనిషా, మైలురాయా?"

"బాబాయ్ ఆరోగ్యం అలాంటిది మేడమ్. గట్టి మనిషి."

"విన్నారా అటెండరు గారూ, మీరు గట్టి మనిషట!"

"అంతా బాబు దయ మేడమ్."

"దయే మరి. ఈసారి కూడా తప్పితే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసు మేడమ్. మా బ్యాచ్ వెళ్ళిపోతుంది, నేను జూనియర్లతో కూర్చోవాలి."

"పాపం జూనియర్లు. సరే చెప్పు, కిడ్నీకి వెళ్ళే రక్తనాళం సన్నబడింది. ఏమవుతుంది?"

"రక్తం తగ్గుతుంది మేడమ్. అది చూసి కిడ్నీ ఒళ్ళంతా బీపీ పడిపోయిందనుకుంటుంది."

"అనుకుని?"

"రెనిన్ వదులుతుంది. దాంతో యాంజియోటెన్సిన్ తయారై రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఆల్డోస్టిరాన్ వచ్చి ఉప్పునీ నీళ్ళనీ బయటికి పోనివ్వదు. బీపీ పెరుగుతుంది."

"అంటే తన కుళాయిలో నీళ్ళు తగ్గితే ఊరంతా కరువని దండోరా వేస్తుందన్నమాట. మా ఎదురింటావిడా అంతే. తర్వాత?"

"గుండె ఆ ఒత్తిడికి ఎదురు కొట్టీ కొట్టీ దాని గోడ మందమవుతుంది. పోనుపోనూ అలిసిపోతుంది. కిడ్నీలో వడపోత కూడా పాడవుతుంది."

"అబ్బో, గడగడా అప్పజెప్పావే! ఇంత జరుగుతుంటే మనిషికి తెలుస్తుందా?"

"చాలామందికి ఏమీ తెలియదు మేడమ్. అందుకే కొలిచి చూడాలి."

"ఏం చెయ్యాలి?"

"కొలిచి... కొలిచి చూడాలి మేడమ్."

"బంగారంలాంటి మాట. నువ్వు కొలిచావా?"

"చేతికి పట్టీ కట్టాను మేడమ్."

"కట్టావు. కొలిచావా?"

"స్టెత్ కూడా పెట్టాను..."

"మెడలోనా, చెవుల్లోనా?"

"మేడమ్, మా క్లాసులో అందరూ ఇలాగే... రికార్డు నీటుగా ఉంటే గానీ సంతకం..."

"సంతకం గొడవ తర్వాత. రండి అటెండరు గారూ, ఇలా కూర్చోండి. చెయ్యి బల్ల మీద పెట్టండి. ఊఁ, నా ముందు కొలువు బాబూ. ఇవాళైనా చెవులు వాడు."

"బాబునేమీ అనకండి మేడమ్. వారం వారం నా చెయ్యి పట్టుకుని, ఎలా ఉన్నావు బాబాయ్ అని అడిగేది ఈ ఒక్కడే."

"మీరు మాట్లాడకండి, బీపీ పెరుగుతుంది. ఏం బాబూ, ఎంతుంది?"

"మళ్ళీ చూస్తాను మేడమ్."

"ఇప్పటికే రెండుసార్లు చూశావు. ఎంత?"

"నూట తొంభై ఆరు... బై నూట పద్దెనిమిది."

"వేళాకోళమా? లే, నన్ను చూడనీ."

"ఎంతొచ్చింది మేడమ్?"

"అంతే ఉంది. అటెండరు గారూ, తలనొప్పి గానీ, ఆయాసం గానీ..."

"మెట్లెక్కితే కాస్త ఆయాసం మేడమ్. వయసు కదా అనుకున్నాను."

"బీపీ ఉందని ఇదివరకెవరైనా చెప్పారా?"

"ఉండేది మేడమ్. రోజుకో మాత్ర వేసుకునేవాణ్ణి. తగ్గిపోయిందిగా, ఈమధ్యే మానేశాను."

"తగ్గిందని ఎవరు చెప్పారు?"

"నేనే మేడమ్. నేనే చెప్పాను. బాబాయ్, నన్ను క్షమించు. ఒక్కసారి కూడా చూడలేదు బాబాయ్, ఊరికే రాసేశాను. నాకు భయమేస్తోంది."

"ఇప్పుడేస్తోందా భయం? నీ నీటు రాత నమ్మి నిండు మనిషి మందులు మానేశాడు! పద, ముందు ఈయన్ని ఆసుపత్రికి తీసుకెళదాం. వచ్చాక నీ సంగతి చెప్తాను."

"అయ్యో, బాబుదేం తప్పు లేదు మేడమ్. ఇంకా చదువుకుంటున్న పిల్లాడు రాసింది చూసి మందులు మానేస్తానా, అంత వెర్రివాణ్ణా? ప్రతి పేజీ కిందా మీ సంతకం చూసే మానేశాను."