పెనుకొండలో వెయ్యని ఆఖరి రీలు

“పాత సినిమాల్లో తన్నులు తిని ఇల్లొదిలిన పెండ్లాం మళ్లీ ఆ మొగుడి కాళ్లకాడికే ఎందుకవ్వా వస్తాది? మీ కాలంలో ఎవురూ అడగలేదా?”

ఏమ్మే, ఇది అడగడమా, కొట్లాడడమా? మొన్న ఆదివారం మీ నాయన టీవీలో పెట్టిన సినిమా మీదనే గదా నీ కోపం? ఆయమ్మ తిరిగొచ్చిందని నాకూ మొన్ననే తెలిసింది. మా పెనుకొండలో రాలేదు పాపా. పోయింది, పోయిందే.

చెప్తా, నీ మైకులో గాలి మోత పడతాది, ఆ ఫ్యాను రోంత తగ్గించు. అప్పుడు నేను పెనుకొండలో కోడలిని. కోట కింద టెంటు ఉండేది, టూరింగు టాకీసు. నేలకు నాలుగణాలు... కాదు కాదు, అణాలు అప్పటికే పోయినాయి, నలభై పైసలు. బెంచీకి ఎంతో నాకు తెలీదు, మనం యాడ బెంచీ ఎక్కినాం. ధర్మవరం పిల్లను గదా, నా చూపంతా చీరల మీదనే. హీరోయిను పూరి గుడిసెలో గంజి తాగతాంటాది, కట్టుకున్నది చూస్తే మా వీధిలో నెలంతా నేసే పట్టుచీర! ఆ కొంగు అమ్మితే గుడిసె కాడ బావి తవ్వించొచ్చు. హీరో యాభై యేండ్లాయప్ప, పుస్తకాలు సంకన పెట్టుకోని కాలేజీకి పోతాడు. ఇప్పుడు నీ ఫోన్లో ఆ సినిమా కిందనే రాసినారంట గదా, ‘బంగారు కాలం, ఆడోళ్లకు ఎంత ఓర్పు’ అని. రాసినోణ్ణి ఒకసారి వాని వీపు చూపియ్యమను.

ఆఁ, టెంటు. మొదటాట ఇడిసే పొద్దుకే చెన్నేకొత్తపల్లికి ఆఖరి బస్సు. సినిమా సాగితే పల్లె జనాలకు బస్సు తప్పుతాది, తప్పితే మర్రోజు ఎవురొస్తారు? అందుకని జనం ఎక్కువొచ్చిన దినం ఆపరేటరు ఆఖరి రీలు ఎయ్యడు. బస్సు డ్రైవరు గూడా మాతోనే నేల మీద కూర్చోనుంటాడు. ఆయప్ప లేచిపోయి హారను కొట్టినాడంటే టెంట్లో లైట్లు ఏసేస్తారు. పెనుకొండలో సగం సినిమాలకు శుభం కార్డే లేదు పో. ఇదంతా టెంటు ఎత్తేసినాక ఎన్నేండ్లకో ఆపరేటరే నవ్వుకుంటా చెప్పినాడు. అప్పుడు గూడా ఈ సినిమా సంగతి నాకు తట్టలేదు.

ఆ టెంట్లో చూసిన ఈ సినిమాలో ఆయమ్మ బిడ్డను సంకనేసుకోని గడప దాటింది. మొగుడు నోరు తెరుచుకోని నిలబడినాడు. హారను. లైట్లు. ఓహో, పోవడమంటే ఇంతేనా అనుకుంటి.

ఆ వారమే మీ తాత తాగొచ్చి చెయ్యెత్తినాడు. అంతకు ముందు ఎత్తలేదని కాదు. మీ నాయన అప్పుడు చంటిబిడ్డ. సంకనేసుకోని ధర్మవరం బస్సెక్కితిని. మా నాయన, “ఆడపిల్ల ఇట్ల వచ్చేస్తే లోకం ఏమంటాది?” అనె. “సినిమాలోనే పోయింది నాయనా, ఆడికి కథ గూడా అయిపోయింది” అంటి. ఆయప్ప జన్మలో సినిమా చూసినోడు కాదు, ఏమని వాదిస్తాడు? పట్టు కండెలు చుట్టుకుంటా ఈ ధర్మవరంలోనే ఉండిపోతిని.

ఉగాది దాటినాక మీ తాత వచ్చె, తువ్వాల్లో రోంత శెనక్కాయలు మూటగట్టుకోని. “నువ్వు రావులే” అనె. “యెట్ల తెలుసు?” అంటి. “నేనూ ఆ ఆటకు పోయింటి. ఆయమ్మ రాలేదు గదా” అనె. చూసినావా? ఆయప్పకూ ఆఖరి రీలు తెలీదు! పెండ్లాం రాదని తెలిసింది కాబట్టి తానే వచ్చి ఈడనే నిలిచె. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేత నేర్చుకునె. తాగుడు... అది ఒకేసారి పోలేదు, అబద్ధం ఎందుకు. చెయ్యి మాత్రం మళ్లీ లేవలేదు.

ఆ చంటిబిడ్డే పాపా, మొన్న సోఫాలో కాలు మీద కాలేసుకోని మీ అక్కకు సినిమా చూపిచ్చింది. హిందూపురం అల్లుడు కొట్టినాడని అది పుట్టింటికొస్తే, పాత సినిమా పెట్టి నీతి చెప్తాడంట. గడప దాటేది చూసి, అయిపోయిందని నేను ముద్ద తినేకి లేచినా. “కూర్చోమ్మా, అసలు కథ ఇప్పుడుండాది” అనె. అసలు కథ! ఆయమ్మ వానలో తడుచుకుంటా వచ్చి, మొగుడి కాళ్లు కడిగి, ఆ నీళ్లు నెత్తిన జల్లుకునె. కొట్టింది ఆయప్ప, తప్పయిందనింది ఆయమ్మ. పెద్దమనసు చేసుకోని ఆయప్ప క్షమించె. మీ నాయన కండ్లు తుడుచుకునె. మీ అక్క తల దించుకునె. నాకు నవ్వాగలేదు. ఆ దినం ఆ రీలు ఏసింటే ఈ ఇల్లు యాడుండు, ఈ సోఫా యాడుండు, ఆ నీతులు చెప్పే మీ నాయన యాడుండు!

రేపు హిందూపురమోళ్లు కారేసుకోని వస్తారంట, అక్కను పిల్చుకపోయేకి. అల్లుడు మాత్రం రాడంట, పనుండాదంట. మీ తాత పని లేకనే వచ్చినాడా?

నువ్వు ఈ మైకు ముందర అంత గొంతు చేస్తావు, మీ నాయన ముందర పిల్లి మాదిరి నిలబడతావు. నేను ముసిల్దాన్ని, ఒక్కదాని మాట గాలికి పోతాది. రేపు నువ్వూ వచ్చి నా పక్కన కూర్చో. ‘రావాల్సింది మీ పిల్లోడు, ముందు చెయ్యి అదుపులో పెట్టుకోడం నేర్చుకోని రమ్మనండి’ అని నోరు తెరిచి చెప్పు. దేవుడు నీ గొంతు సల్లగుంచాల. ఇప్పుడు లేయ్. మీ అమ్మ ఏడ్చుకుంటా సర్దిన అక్క బట్టల బ్యాగు మంచం కింద ఉండాది. తీసి అన్నీ మళ్లీ బీరువాలో పెట్టు. లేయ్ పాపా, మీ నాయన వచ్చేలోపల.