హైడ్రాలిక్ నూనె రుచి చూసినవాడు

బండ్లు కడిగే సర్వీసు షెడ్డులో పనిచేసే ఆయన్ని అందరూ ఇంజినీరు బాబాయ్ అంటారు. మొదట వెక్కిరింతగానే అన్నారు గానీ ఆయనకి ఆ పేరు నచ్చేసింది. ఆ సాయంత్రం టీ కొట్టు బల్ల మీద, రోడ్డుకి వీపు పెట్టి కూర్చుని మొదలెట్టాడు.

"పెద్ద విషయమేం కాదురా. కాలవ అవతల అక్క కొత్త ట్రాక్టర్ కొందా? ఇరవై రోజులైనా కాలేదు, నాగలి పైకి లేవనని మొరాయించింది. వాన పడి నేల మంచి పదును మీదుంది, ఇప్పుడు దున్నకపోతే పంట లేనట్టే. కంపెనీ వాళ్ళు ముగ్గురొచ్చారు. పంపు పోయిందన్నాడొకడు, వాల్వు అన్నాడింకొకడు. నేనేం చేశానో తెలుసా? నాగలిని పైకెత్తే హైడ్రాలిక్ నూనె ఉంటుందే, అది కొలిచే పుల్ల తీసి చూశా. పాలు కలిపిన టీలా ఉంది. నీళ్ళు కలిశాయక్కా అన్నా. అంతే."

"బానే కనిపెట్టావే!" అన్నాడు టీ కొట్టాయన.

ఆ మెచ్చుకోలుతో బాబాయ్ ఇక ఆగలేదు.

"అంతమాత్రం ఎవడైనా చెప్తాడు! ఓ చుక్క నాలిక మీద వేసుకున్నా. బోరు నీళ్ళు కాదు, వాన నీళ్ళు. అదీ మన వాన కాదు, బండి తయారైన ఊళ్ళో కురిసిన వాన. మంగళవారం, మధ్యాహ్నం మూడింటికి. ఫోన్ చేసి అడిగితే, ఆ రోజు వాళ్ళ కప్పు కారిందట!"

"మంగళవారానికి రుచేంటి బాబాయ్?" అన్నాడు లారీ డ్రైవరు.

"అందరికీ నోరుంటుందిరా, నాలిక కొందరికే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పాత నూనె దింపేసి, కొత్తది పోసి, లివర్ని ఇలా చిటికెన వేలితో తాకా. నాగలి లేచింది. నాగలితో మట్టి లేచింది, మట్టితో మడి లేచింది. ఎకరం పొలం, గట్లతో సహా, మేడంత ఎత్తున! పక్క పొలం ఆయన దాని నీడలో కూర్చుని అన్నం తిన్నాడు."

"మరెలా దించావ్?"

"మెల్లగా దించా, గడ్డిపరక కూడా వంగలేదు. అక్క ఏడ్చేసింది. తమ్ముడూ, నువ్వే లేకపోతే అని..."

"ఏడ్చిన మాట నిజమే," అంది వెనకనుంచి ఓ గొంతు.

ఆ ట్రాక్టర్ అక్కే. బాబాయ్ టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది.

"నూనె సంగతి పట్టుకుంది మా కోడలు. సీసాలో పోసి కదలకుండా పెడితే, పొద్దుటికి నీళ్ళు అడుక్కి దిగాయి. రెండుసార్లు నూనె మార్చి, ఫిల్టర్ మార్చేసరికి నేల కాస్తా ఆరిపోయింది. ఆఖరికి పక్కవాళ్ళ బండిని బతిమాలుకుని దున్నించుకున్నాం. ఈ తమ్ముడు చేసిందల్లా ఒకటే. బండి కడగమంటే, లోపల చూస్తానని నూనె మూత తీసి, మళ్ళీ పెట్టకుండానే నీళ్ళ పైపుతో తలంటు పోశాడు."

కొట్టంతా గొల్లుమంది. అక్క మాత్రం నవ్వలేదు.

"అది సరే తమ్ముడూ, వారం నుంచి అక్కడ గుడ్డ కుక్కి తిప్పుతున్నాం. ఆ మూత ఎక్కడ పెట్టావ్?"

బాబాయ్ గ్లాసులోకి చూస్తూ, "మా ఇంట్లో ఉందక్కా," అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన చెప్పినదాంట్లో, ఎవరూ ఎదురు ప్రశ్న వేయని మాట అదొక్కటే.