పెన్ను గీసి చూసే కాగితం

మధ్యాహ్నం మూడు గంటలు, బజారువీధిలో పుస్తకాల షాపు. కౌంటరుకు అటు షాపామె, ఇటు తలనిండా దూది పీచుతో పరుపులు కుట్టే ఆయన.

"అది అమ్మేది కాదన్నా. పెన్ను రాస్తుందో లేదో గీసి చూసుకునే కాగితం."

"అదే కావాలి చెల్లెమ్మా."

"కాగితాలు కావాలంటే కట్ట ఇస్తా. గీతలున్నవి, గీతల్లేనివి..."

"గీసేసిందే కావాలి. ఇవాళ్టిది కాదు. పోయిన సోమవారం కాదు, ఆ ముందు సోమవారందుంటుంది చూడు, అది."

"రెండు వారాల కిందటిదా? దాంతో ఏం చేస్తావు?"

"ఏం చేస్తానంటే... మా పరుపుల సంఘంలో పందెం పడింది. ఏ షాపులో ఎక్కువమంది పెన్నులు గీస్తారో లెక్క తేల్చాలి. తొమ్మిదొందల మందిమి, ఒకరి మాట ఒకరు వినరు."

"ఈ ఊళ్ళో పరుపులు కుట్టేవాళ్ళు ముగ్గురన్నా. ముగ్గురూ నాకు తెలుసు."

"మిగతావాళ్ళు లోపల్లోపల కుడుతుంటారు."

"నాకు పనుంది. చేతులు తీయి, కౌంటరంతా దూది రాలుతోంది."

"సరే, ఉన్నమాట చెప్తా. ఆ కాగితం మీద ఓ పెద్ద డాక్టరు మందు పేరు రాసి మర్చిపోయాడు. ఆ మందు ఒక్క చుక్క వేస్తే ముసలాళ్ళకి పాలపళ్ళు..."

"అన్నా."

"ఆఁ."

"రాలిన దూదినెందుకలా వేళ్ళతో ఏకుతున్నావు?"

"దూది ఏకే చెయ్యి. ఊరికే ఉండదు. ఎప్పుడూ అలాగే... మా ఆవిడ పోయింది చెల్లెమ్మా. పదకొండు రోజులైంది."

"ఇదీ కథేనా?"

"కథయితే ఎంత బాగుండును."

"అయ్యో. కూర్చో అన్నా. ఆ స్టూలు లాక్కో."

"కూర్చుంటే లేవలేను. విను. ఆ సోమవారం తను నీ షాపుకొచ్చింది. పెన్ను కొంది. పోయాక తన సంచిలో దొరికింది, మీ బిల్లుతో సహా. మందుల షాపాయన బిల్లు చూసి చెప్పాడు, మీ షాపేనని, సోమవారమేనని. గురువారం మధ్యాహ్నానికి మనిషి లేదు. గుండె అన్నారు."

"ఎలా ఉంటుందామె?"

"పొట్టి. మాట తక్కువ. నవ్వొస్తే నోటికి చెయ్యడ్డం పెట్టుకుంటుంది. పెట్టుకునేది."

"రోజుకు వందమంది వస్తారన్నా. నాకు గుర్తు లేదు."

"నీకు గుర్తుండక్కర్లేదు. పెన్ను కొనేవాళ్ళు గీసి చూస్తారు కదా? చూస్తారు కదా?"

"చూడకుండా ఎవరూ కొనరు."

"అదిగో. ఆ గీసింది నాకు కావాలి."

"ఎక్కడనించి తేనన్నా. పొద్దున్నే కొత్త కాగితం పెట్టి పైన తేదీ వేస్తా, మా నాన్నప్పటి అలవాటు. షాపు కట్టేసేటప్పుడు తీసి అట్టపెట్టెలో పడేస్తా."

"ఆ పెట్టె తీయి."

"ఖాళీగా ఉంది. అదిగో, ఆ వేలాడే బ్యాగులు చూశావా?"

"చూశా. కడుపునిండా తిన్నట్టున్నాయి."

"తిన్నది ఆ కాగితాలే. ఏమీ కుక్కకపోతే బ్యాగు ఈసురోమని వేలాడుతుంది, ఒక్కరూ చెయ్యి వేయరు. పోయిన వారం కొత్త సరుకొచ్చింది. పెట్టెలోవన్నీ ఉండలు చుట్టి కుక్కేశా."

"అయితే విప్పు. అన్నీ విప్పు."

"సగం అమ్ముడుపోయాయి."

"కొన్నవాళ్ళెవరు? ఇళ్ళెక్కడ? నేను పోయి గుమ్మం గుమ్మం అడుగుతా. పరుపులు ఊరికే ఏకిపెడతానంటా."

"ఎవరైనా ఇంటికెళ్ళగానే చేసే మొదటి పని, ఆ ఉండలు తీసి చెత్తబుట్టలో..."

"అనకు. అలా అనకు చెల్లెమ్మా."

"ఆంటీ, జెల్ పెన్ను ఉందా? నల్లది."

"ఉందమ్మా. ఇదిగో, గీసి చూసుకో."

"దాని మీద రాయకమ్మా, ఆగు."

"ఏంటంకుల్?"

"ఏం రాస్తావో ముందు అనుకుని రాయి. ఊరికే పిచ్చిగీతలు గీయకు. నీ పేరు రాయి. పూర్తిగా రాయి."

"పెన్ను చూడ్డానికే కదంకుల్."

"ఎవరికి ఎప్పుడు కావాల్సొస్తుందో నీకేం తెలుసు."

"ఆంటీ, ఈయన..."

"మావాడేలేమ్మా. నువ్వు చూసుకో."

"రాస్తోంది. ఇదే ఇచ్చేయండి. వస్తానంకుల్, పేరే రాశాను, ఇంటిపేరుతో సహా."

"వచ్చినవాళ్ళని బెదరగొడితే ఎలా అన్నా?"

"ఏం రాసింది?"

"ఎదురుగానే ఉందిగా. కనపడట్లేదా?"

"కళ్ళజోడు తేలేదు."

"జేబులో ఉన్నదేంటి?"

"అది మా బావమరిదిది."

"సరే. మిగిలినవి ఎనిమిది బ్యాగులు. చెరి నాలుగు విప్పుదాం. ఇదిగో, ఈ ఉండలు నువ్వు చూడు. తేదీ పైనే ఉంటుంది."

"నువ్వు చదువు, నేను వింటా. వినడంలో నన్ను మించినవాడు లేడు."

"ఇద్దరం చూస్తే తొందరగా తేలుతుంది కదా."

"తొందరేముంది."

"ఇందాకటినించీ తొందరపడింది నువ్వే. అన్నా, నీకు చదవడం..."

"ఎందుకు రాదు? ఇరవై రెండేళ్ళు రోజూ పొద్దున పేపరు చదివి మా ఆవిడకి వినిపించినవాణ్ణి. నాకు రాకపోవడమేంటి?"

"అయితే ఇది చదువు. ఒక్క ముక్క."

"ఇది... ఈ చేతిరాత బాగాలేదు."

"పోనీలే అన్నా. ఇటివ్వు."

"రాదు చెల్లెమ్మా. ఒక్క అక్షరం రాదు."

"మరి పేపరు?"

"పట్టుకుని నోటికొచ్చింది చెప్పేవాణ్ణి. పెళ్ళయిన కొత్తలో నాకు చదువొచ్చని కోతలు కోశా. తనకీ రాదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. మర్నాడు పేపరు కొనుక్కొచ్చి 'చదవండి, వింటా' అని ఎదురుగా కూర్చుంది. ఇరుక్కుపోయా. చదివా. ఆ మర్నాడు మళ్ళీ కూర్చుంది."

"ఇరవై రెండేళ్ళా?"

"ఒక్క పొద్దు తప్పలేదు. ఈ మధ్య నా కళ్ళు మందగించాయనుకుందో ఏమో పాపం, పేపరు నా చేతుల్లోనే పట్టుకుని అటుది ఇటు తిప్పేది. 'ఇలాగైతే వెలుతురు బాగా పడుతుంది' అనేది. టీ గ్లాసు పక్కన పెట్టేది. చదవండి అనేది. అంత నమ్మకం తనకి."

"మరింకేం బాధన్నా?"

"ఆ గురువారం పొద్దున వద్దంది. 'ఇవాళ పేపరు వద్దులెండి' అని గోడవైపు తిరిగి పడుకుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్కనాడు వద్దనలేదు. మధ్యాహ్నానికి పోయింది. అప్పుడు తోచలేదు నాకు. సంచిలో పెన్ను కనపడ్డాక తోచింది. అక్షరాలు నేర్చుకుంది. నాకు చెప్పకుండా, ఎక్కడో, ఈ మధ్యే. నేర్చుకుని పేపరు తనే విప్పి చూసుంటుంది. నేను చదివిందొక్కటీ అందులో లేదు. మొగుడు దొంగమాటల మనిషని తెలిసి, మొహం కూడా చూడకుండా..."

"ఒంట్లో బాగాలేక అని ఉంటుందన్నా. గుండె కదా."

"అయ్యుండొచ్చు. కాకపోవచ్చు. నాకెవరు చెప్తారు? అందుకే ఆ కాగితం. కొత్త పెన్ను చేతికొస్తే మనసులో ఉన్నదే కదా బయటికొస్తుంది. తిట్టు రాసుంటే తిట్టే. నీ నోటితో చదువు, నిలబడి వింటా."

"ఉండు, చూస్తున్నా. ఇది ఆ వారందే, కానీ శుక్రవారం. 'పెన్ను బాగాలేదు' అని మూడుసార్లు రాశారు, ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు. ఇది సంతకాలు. ఒకటే సంతకం ఇరవై సార్లు. ఎవరో కొత్తది నేర్చుకుంటున్నారు. ఇది చేప."

"చేపేంటి?"

"చేప బొమ్మ. కళ్ళజోడు కూడా పెట్టారు దానికి. ఇది... 'నేను బాగానే ఉన్నాను' అని."

"తనే. తనేనేమో చూడు."

"శనివారందన్నా."

"శనివారానికి తను లేదు. సరే. చూడు, చూడు."

"ఇది సోమవారం. ఉండు, పోయిన సోమవారం. ఇది మంగళవారం. ఇంక ఇది... అయిపోయాయి."

"మళ్ళీ చూడు."

"రెండేసిసార్లు చూశా. ఆ సోమవారంది అమ్ముడుపోయినవాటిలో పోయింది."

"ఇంకొక్కసారి. చిన్న ముక్కయినా సరే. ఒక్క గీత చాలు చెల్లెమ్మా. తను గీసిన గీత."

"లేదన్నా."

"ఇంటికెళ్ళి ఏం చేయను? పేపరు వేసేవాడు వేస్తూనే ఉన్నాడు. పదకొండు పేపర్లు గుమ్మంలో పడున్నాయి. వాటిని దాటుకుని వచ్చా. తీస్తే ఎవరికి చదవను? తీయకపోతే రేపు పన్నెండవుతాయి."

"ఊరుకో అన్నా. ఊరుకో. మంచినీళ్ళు తాగు. ఇంతకీ ఏం చదివేవాడివి రోజూ?"

"ఏదో. నోటికొచ్చిందే వార్త. రైలు ఆగకుండా పోతోందని స్టేషనే లేచి దాని వెంట పరిగెత్తింది. మూడు ఊళ్ళ అవతల పట్టుకుంది. అంత పరుగులోనూ ప్లాట్‌ఫారం మీద టీ తాగుతున్నవాళ్ళకి..."

"చుక్క కూడా ఒలకలేదు."

"ఆఁ. చుక్క కూడా... నీకెలా తెలుసు?"

"ఆ నిచ్చెన పట్టుకో."

"ఇది ఏ పేపర్లోనూ రాలేదు చెల్లెమ్మా. నేనే కల్పించా. నీకెలా తెలుసు?"

"నిచ్చెన పట్టుకోమంటున్నానా. అదిగో, పైన మూల కొక్కేనికి, ఊదారంగు బ్యాగు. ఆ రంగు ఎవరికీ నచ్చదు. వేలాడదీసినప్పటినించీ దించలేదు."

"పాతది కదా. అందులో తనదెందుకుంటుంది?"

"కదపకు, పడతా. ఆఁ, అందుకో. జిప్పు పట్టేసింది, గట్టిగా లాగు. నువ్వు పరుపులు విప్పేవాడివేగా."

"ఇదిగో. వచ్చింది."

"ఇది కాదు. ఇదీ కాదు. ఇదిగో. నాకు తెలుసు, ఇదిగో. విను. 'రైలు ఆగలేదని టేసను ఎంటబడింది. టీ సుక్క కూడా ఒలకలేదు.' ఒక్కో అక్షరం బఠాణీ గింజంత."

"టేసను అని ఉందా?"

"టేసను అనే ఉంది."

"అలాగే అంటుంది తను. స్టేషను అనడం నోరు తిరగదు. మళ్ళీ చదువు."

"'రైలు ఆగలేదని టేసను ఎంటబడింది.' ఆ రోజు షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి నవ్వానన్నా, అందుకే మాట గుర్తుండిపోయింది. ఇప్పుడు మనిషీ గుర్తొస్తోంది. పొట్టిగా, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని. ఎవరమ్మా నీకిది చెప్పిందంటే, పేపర్లో వచ్చిందండీ అంది."

"పేపర్లో వచ్చిందందా?"

"అదే అంది."

"తేదీ ఏముంది దాని మీద?"

"రెండేళ్ళ కిందటిది. మే నెల."

"తప్పు వేసుంటావు."

"తేదీ నేను తప్పు వేయనన్నా."

"రెండేళ్ళ కిందట తనకి అక్షరం రాదు."

"చేత్తో రాసింది కదా."

"రాసిందంటే... చదవడమూ వచ్చినట్టేనా?"

"వచ్చినట్టే."

"అప్పటికే వచ్చు. వచ్చి, రోజూ నా ఎదురుగా కూర్చుని, చదవండి అంది."

"అందన్నా."

"రెండేళ్ళు."

"ఇంట్లో నీలం అట్ట నోటు పుస్తకాలేమైనా ఉన్నాయా? రెండొందల పేజీలవి. పెన్ను కోసం వచ్చినప్పుడల్లా ఆమె అవీ అడిగేది, లోపల ఉన్నాయా, అయిపోయాయా అని."

"నీలం అట్టవా? నాలుగు. ట్రంకుపెట్టె అడుగున కనపడ్డాయి. మొన్న మంచం కోడు కింద పెట్టా."

"మంచం కోడు కిందా?"

"కుంటుతోంది. ఊరందరికీ పరుపులు కుడతా, మా మంచం మాత్రం కుంటిది. ఇంట్లో చదివేవాళ్ళు లేరు కదా, దేనికిలే అనుకున్నా. చెల్లెమ్మా, వాటిల్లో నా వార్తలేనంటావా?"

"మరింకేముంటాయన్నా."

"వాటి మీద పడుకుని రాత్రంతా మంచాన్ని తిట్టాను. నిద్ర పట్టనివ్వట్లేదని."

"రేపు తీసుకురా. ఈ వేళప్పుడు బేరాలుండవు. నేను చదువుతా, నువ్వు విను."

"ఉన్నదున్నట్టు చదివితే బాగోదు. కాస్త పెంచి చదవాలి."

"పెంచడం నువ్వు నేర్పుదువుగాని."

"ఈ కాగితం నాకిస్తావా?"

"నీదేగా. తీసుకో."

"చదవడం రాకపోతేనేం. దారిపొడుగునా చూసుకుంటూ పోతా."

"చూసుకో. అన్నా, అటు కాదు. ఇటివ్వు, తిప్పి ఇస్తా."

"ఎందుకు?"

"ఇలాగైతే వెలుతురు బాగా పడుతుంది."