శెనక్కాయ చేన్లో మోంపెలియే

2006. కుందుర్పి ఊరి బయట, వాన మొగం చూడక ఎండిపోయిన వేరుశెనగ చేను. అందులో ఇద్దరు: చదువుకోడానికి వెళ్ళి మెదడువాపు జ్వరంతో ఫ్రాన్సులోనే కన్నుమూసిన ఆరీఫా అనే అమ్మాయికి తల్లి, జమీలాబీ ఒకరు, ఆ అమ్మాయితో పాటు అక్కడి మోంపెలియే ఊళ్ళో చదువుకుని సెలవుకు వచ్చిన శింగనమల మల్లికార్జున ఒకరు. పాపం, ఆ తల్లి కోరిక ఒక్కటే: కూతురు తిరిగిన ఊరు తనకూ తిరిగి చూపించమని.

“ఈన్నుంచే మొదలుపెట్టప్పా. ఈ గట్టే ఆరీఫా రూము అనుకుందాం.”

“అమ్మా, ఎండ మాడ్చేస్తాండాది. ఇంట్లో కూచోని చెప్తాలే.”

“ఇంట్లో వద్దు. పాప పేరెత్తితే చాలు, వాళ్ళ నాయన లేసి బయటికి పోతాడు. నాకా చదువు లేదు, విమానం ఎక్కే రాత అంతకన్నా లేదు. నా బిడ్డ యాడాడ కాలు పెట్టిందో ఆడంతా నన్ను నడిపించు. దాన్ని మట్టి చేసిన తావుదాంకా.”

“ఆడిదాంకా వద్దమ్మా.”

“నేను పోవాల్సింది ఆడికే. నడువ్.”

“సరే... రూము నుంచి దిగినాం. ఎదురుగానే ట్రాము పట్టాలు. నీలం రంగు ట్రాము, దాని ఒంటినిండా తెల్లపిట్టల బొమ్మలు.”

“ఎక్కుదామా?”

“ఆరీఫా ఎక్కదు. నడుచుకుంటానే పోతుంది.”

“ఈడా అంతే కదా! బస్సుండంగా బడికి నడిచేది. మొండిఘటం... ఏమప్పా, నిలబడిపోయినావే?”

“ఏం లేదు. రాయి తగిలింది. ఇట్ల తిరుగుదాం. ఇది పెద్ద బయలు, అంతా బండపరుపు. ఒక పక్క నీళ్ళు చిమ్ముతాంటాయి, పైన మూడు రాతి ఆడబొమ్మలు. ఈ బయలును ఆ ఊరోళ్ళు గుడ్డు అంటారు.”

“గుడ్డా? కోడి పెట్టే గుడ్డా?”

“ఆ. ఒకప్పుడు ఆ ఆకారంలో ఉండెనంట.”

“చూడు, నాకు ఒక్కనాడన్నా చెప్పిందా! పోన్లో ఎంతసేపూ తిన్నావా అమ్మా, మాత్ర ఏసుకున్నావా అమ్మా, ఇదే. జనం బాగుంటారా ఆడ?”

“యాడ చూసినా పిల్లోళ్ళేనమ్మా. ఊరినిండా చదువుకునేటోళ్ళే. మెట్లమీద కూచోని రొట్టెలు తింటా, గిటారు వాయించుకుంటా, ఊరికే నవ్వుకుంటా...”

“ముసిలోళ్ళు లేరా?”

“ఉండారు. అంతగా కనపడరు.”

“అంతమంది పిల్లోళ్ళు ఉండంగా దేవునికి నా బిడ్డే కనపడిందా!”

“అమ్మా...”

“ఏడ్చనులే. నువ్వు నడువ్.”

“ఇంగ సందులు. ఎత్తు, మెల్లగా రా. రెండు పక్కలా పాతకాలం రాతి మిద్దెలు. అదో, డాక్టరు చదువు చెప్పే కాలేజీ, వందల ఏండ్లది. అది దాటితే మిట్టమీద తోట. ఆడ కమానుల మీద రాతి కాలవ. కొండల్లోంచి ఊర్లోకి నీళ్ళు తెచ్చేదానికి కట్టినారు.”

“పారతాండాయా నీళ్ళు?”

“ఇప్పుడు లేదు.”

“ఆడా ఇదే గతేనా!”

“ఆరీఫా ముందే చెప్పె. ‘మా అమ్మ ఇది చూస్తే మొదుట నీళ్ళేవీ అంటుంది చూడు’ అని, నవ్వలేక పొట్ట పట్టుకునె.”

“అట్లనిందా? నన్ను తల్సుకునిందా?”

“దినామూ తల్సుకునేది. పొద్దుగుంకేటప్పుడు ఆడికే వస్తాంటిమి.”

“వస్తాంటిరా? మీరిద్దురూనా?”

“అంటే... క్లాసోళ్ళమంతా.”

“ఊఁ. సరే. ఖబరస్తానుకు తీసుకపో.”

“ఊరి చివర అది. చానా దూరం. రేపు...”

“ఎంత దూరమైనా సరే. ఈ చేను దాటితే ఇంగో చేనుండాది.”

“...వచ్చినామమ్మా. ఇదే గేటు. ఏమ్మా, రావా?”

“ఆడోళ్ళు లోపలికి పోగూడదప్పా. మా అమ్మను మట్టి చేసినప్పుడు గూడా నేను ఇంటికాన్నే ఉంటి.”

“ఆడ పోతారమ్మా. ఆడోళ్ళూ పోతారు, పూలు పెట్టి వస్తారు.”

“పోతారా? నిజంగానా? ఉండు, చెప్పులు ఇడిచి వస్తా... ఇదేనా తావు?”

“ఇదే. తల పక్కన సన్నగా పొడుగ్గా ఒక చెట్టు. నీడ పడతాది.”

“నీడ ఉండాదిలే, అంతే చాలు. స్నానం ఎవురు చేపించిరి?”

“మసీదు నుంచి వచ్చిన ఆడోళ్ళు. మొరాకో దేశమోళ్ళు. కన్నబిడ్డే పోయినట్ల ఏడ్చినారు.”

“అల్లా వాళ్ళను సల్లగా చూడనీ. గుంతలోకి దించింది ఎవురు?”

“అమ్మా, మొగమంతా చెమట. రా, ఆ నీడకు...”

“దించింది ఎవురప్పా?”

“మనుషులే. నలుగురు చేరి...”

“యా మనుషులు? ఆడబిడ్డను దించేది నాయనో, తోడబుట్టినోడో, మొగుడో. పరాయోళ్ళ చెయ్యి పడగూడదని మాలో ఉండాది. దానికి తోడబుట్టినోళ్ళు లేరు. వాళ్ళ నాయన ఈడ పోను పట్టుకోని, ‘మట్టికి ఆలస్యం చేయగూడదు, ఆడనే కానియ్యండి’ అనేసె. ఆ మాట అన్నకాన్నుంచి ఆ మనిషికి ముద్ద దిగలేదు. బిడ్డను పరాయోళ్ళ పాలు చేస్తినే అని లోపల్లోపల సస్తాండాడు. నేనూ అంతే. కన్ను మూస్తే చేతులే కనపడతాండాయి, ఎవురివో తెలీని చేతులు. ఎవురో చెప్పప్పా, నీ కాళ్ళు పట్టుకుంటా.”

“అయ్యో, లేమ్మా! అంత పని చేయొద్దు, లే!”

“చెప్పేదాంకా లేయను.”

“ఆరీఫా చెప్పొద్దనింది. ఈ సెలవులకు ఇద్దురమూ వచ్చి, మీ ముందర నిలబడి, తనే చెప్తాననింది.”

“ఏం చెప్తాననింది?”

“పరాయోడు దించలేదమ్మా. మొగుడే దించినాడు. నేనే.”